పాడాలా? పాస్ చెప్పాలా?

శనివారం భోజనాలయ్యాక బ్రిడ్జి బల్ల దగ్గర ఆలుమగల మధ్య వచ్చే తగువు చాలావరకు ముక్కలవల్ల కాదు, పాటవల్ల. అవతలివారు మూడు ఆఠీన్లన్నారు. మనం మూడు ఇస్పేట్లనాలా, ఊరుకోవాలా?

1969లో ఫ్రాన్సు దేశస్థులు జాన్ రెనె వెర్న్ గారు ఒక సూత్రం చెప్పారు. ఇరుపక్షాల తురుపులూ కలిపితే ఎన్నో, ఎవరి తురుపుతో వారు ఆడితే వచ్చే ట్రిక్కుల మొత్తం ఇంచుమించు అంతే. కనుక మన జోడీకి ఎన్ని తురుపులుంటే అన్ని ట్రిక్కుల దాకా పోటీ పడవచ్చు. పార్ట్‌నరు అయిదు ఇస్పేట్లతో పాట మొదలుపెడితే, మీ చేతిలో మూడుంటే ఎనిమిది, నాలుగుంటే తొమ్మిది.

ఇరువైపులా ఎనిమిదేసి అనుకోండి, మొత్తం 16. వాళ్ళకు 8 వస్తే మనకూ 8. ఊరుకుంటే మనకు 50, పాడితే వాళ్ళకు 50. వాళ్ళకు 9 వస్తే మనకు 7. ఊరుకుంటే పోయేది 140, పాడి డబుల్ తింటే 300. తొమ్మిదేసి ఉంటే లెక్క తిరగబడుతుంది. వాళ్ళకు 10 వచ్చే చోట మనకు 8. డబుల్ తిన్నా 100తో పోతుంది, వదిలేస్తే 170.

ఇదంతా వల్నరబుల్ కానప్పటి మాట. వల్నరబుల్ అయినా, వాళ్ళ రంగులో మీకు రాణి, జాకీ ఉన్నా ఒక మెట్టు తగ్గండి.

పార్ట్‌నరును తప్పుపట్టేముందు తురుపులు లెక్కపెట్టండి!