లెక్కలో చేరినవారు, లెక్కకందనివారు

2017 ఫిబ్రవరి 2వ తేదీ మధ్యాహ్నము 12 గంటలకు న్యూయార్కు మహానగరములో 1000కి పైగా చిల్లర కొట్లు ఒక్కసారిగా మూతపడెను. రేయింబవళ్లు తెరచియుండుటయే తమ వృత్తిధర్మముగా నెంచు ఆ కొట్లకు పట్టపగలు ఇనుప షట్టర్లు దిగుట ఆ నగరవాసులు ఎన్నడును చూచి యెరుగరు. ఆ కొట్ల యజమానులు యెమెను దేశమునుండి వచ్చినవారు. అంతకు ఆరు దినముల క్రిందట, జనవరి 27న, అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఏడు ముస్లిము దేశముల పౌరులు అమెరికాలో అడుగిడరాదని ఉత్తర్వు చేసియుండెను. ఆ ఏడింటిలో యెమెనును ఒకటి. భార్యాబిడ్డలు సముద్రము కావల నిలిచిపోగా, ఏమి చేయుటకును దిక్కుతోచని ఆ వర్తకులు, తమ చేతిలోనున్న ఒకే ఒక శక్తిని, అనగా కొట్టు మూయు శక్తిని, ప్రయోగించి, బ్రూక్లిను పురమందిరము చెంత వేలాదిగా గుమిగూడి, అమెరికా జెండాలు చేతబట్టి, సూర్యాస్తమయ వేళ అచ్చటనే నమాజు చేసిరి.

ఆ కొట్లను అక్కడివారు బొడేగాలందురు. పోర్టోరికో ద్వీపవాసులు వాటిని నెలకొల్పిరి. 1970, 80 దశకములలో అవి క్రమక్రమముగా డొమినికన్ల చేతికి వచ్చెను. పిమ్మట డొమినికన్లలో కొందరు పెద్ద దుకాణములకు ఎదిగియు, కొందరి బిడ్డలు వేరు ఉద్యోగములకు మరలియు, మిక్కిలి కొట్లు యెమెనీల పరమయ్యెను. ఇరుకైన గది, వాకిట పచ్చి అరటికాయల పెట్టెలు, లోపల నేలనుండి పైకప్పు దాక సరుకులు, ఒక మూల పెనము మీద గుడ్డు, చీజు కలిపి వేడివేడిగా రొట్టెలో పెట్టి యిచ్చు కుఱ్ఱవాడు, కాగితపు కప్పులో కాఫీ, క్రైస్తవ పునీతుల బొమ్మలుగల గాజు గ్లాసు కొవ్వొత్తులు, లాటరీ టిక్కెట్ల యంత్రము, ఎలుకల భయమున పెంచుకొన్న పిల్లి, ఎరిగినవారికి మాత్రము తెరచు అరువుపద్దు పుస్తకము. యెమెనులోని సనా నగరమునకో ఇబ్ పరగణాకో చెందిన యువకుడు ఆ గల్లాపెట్టె వెనుక నిలిచి, తన కొట్టుకు వచ్చు డొమినికను ముసలమ్మకు స్పానిషు భాషలో ధర చెప్పును. ఆ భాషను అతడు ఏ బడిలోను నేర్వలేదు, బేరములోనే నేర్చెను.

డొమినికన్లు, యెమెనీలు చేరిన అరబ్బులు అను ఈ రెండు జనసముదాయముల స్థితిగతులను ప్రక్కప్రక్కన నిలిపి చూచువారు తరచుగా ఒక తేలిక సమాధానమును ఆశ్రయింతురు: వీరు కష్టించు జాతి, వారు విలాసప్రియులు, వీరికి మతబంధము గట్టిది, వారికి కుటుంబబంధము వదులు, అని. ఈ సమాధానము అసత్యమనియే కాక అన్యాయమనియు నా విశ్వాసము. ఎవరు, ఏ కాలమున, ఏ ద్వారమున వచ్చిరి, వచ్చినవారిని ప్రభుత్వము ఏ పద్దు క్రింద వ్రాసికొనెను అను ప్రశ్నలకు దొరకు జవాబులే వారి సంపదను, దారిద్ర్యమును, గౌరవమును, భయమును చాలవరకు నిర్ణయించినవి.

మొదట డొమినికన్ల సంగతి. 1930 నుండి 1961 వరకు ఆ దేశమును తన పిడికిట బిగించి యేలిన రఫాయెల్ త్రుహీయో ప్రజలను దేశము దాటనీయలేదు. సామాన్యునకు పాస్‌పోర్టు గగనకుసుమము. 1961 మే 30న అతడు హతుడయ్యెను. ఎన్నికలలో గెలిచి 1963లో అధికారమునకు వచ్చిన హువాన్ బాష్ ఏడు నెలలకే పదవీచ్యుతుడయ్యెను. 1965 ఏప్రిలులో అంతర్యుద్ధము చెలరేగగా అమెరికా 20 వేలకు పైగా సైనికులను అచ్చట దించెను. రాజధానిలోని అశాంతి చల్లారుటకు వీసాలు విరివిగా ఇచ్చుట ఒక ఉపాయముగా నుండెనని చరిత్రకారులు వ్రాసిరి. ఆ ఏటనే, అక్టోబరు 3న, అమెరికా నూతన వలస చట్టముపై సంతకమయ్యెను. ముందు వచ్చినవాడు తన కుటుంబమును రప్పించుకొనుటకు అది దారి తీసెను. ఈ రీతిగా మన్‌హాటను ఉత్తర భాగమున వాషింగ్టను హైట్సు అను పేట, ఒక తరము గడచునంతలో, స్వదేశము వెలుపల డొమినికన్ల పెద్ద ఊరయ్యెను.

వచ్చిన వేళ మాత్రము మంచిది కాదు. వారిలో స్త్రీలు అధికముగా దుస్తుల ఫ్యాక్టరీలలో కుట్టుమిషను ముందు కూర్చుండిరి. పురుషులు అద్దె కార్లు నడపిరి, భోజనశాలలలో పనికి కుదిరిరి. కాని 1950 ప్రాంతమున దాదాపు 10 లక్షల మందికి జీవనమిచ్చిన న్యూయార్కు ఫ్యాక్టరీలు, శతాబ్దాంతమునకు 3 లక్షల మందికైనను పని చూపలేని దశకు కుంగిపోయెను. యూదులు, ఇటాలియన్లు ఏ నిచ్చెన నెక్కి మధ్యతరగతిలో అడుగిడిరో, ఆ నిచ్చెన మెట్లు డొమినికన్లు కాలు మోపుచుండగనే విరిగిపోయెను. 1990ల నడుమ న్యూయార్కు డొమినికన్లలో నూటికి 40 మందికి పైగా దారిద్ర్యరేఖకు దిగువ నుండిరని తేలినపుడు, వారి స్థితిని జీవితమంత పరిశోధించుచున్న సామాజిక శాస్త్రవేత్త రమోనా హెర్నాండెజ్, పనివారి అవసరముండుటచేతనే వలస సాగునను నమ్మకమునే ప్రశ్నించిరి. నిలువ నీడలేని చోటికి కూడ మనుష్యులు వత్తురు, వెనుకనున్న చోటు అంతకంటె కఠినమైనప్పుడు.

ఐనను వీరికొక భాగ్యము కలదు: స్వదేశము దగ్గర. న్యూయార్కు నుండి శాంటో డొమింగోకు విమానమున నాలుగు గంటలైనను పట్టదు. 1994లో ఆ దేశము ద్వంద్వ పౌరసత్వమును అంగీకరించెను. 2004 నుండి ప్రవాసులు అచ్చటి అధ్యక్ష ఎన్నికలలో ఓటు వేయుచున్నారు. నేడు ప్రవాసులు పంపు ధనము ఏటా 1000 కోట్ల డాలర్లకు మించుచున్నది. ఆ రాకపోకలకు చెల్లించిన మూల్యమును ఇచ్చట స్మరింపవలెను. 2001 నవంబరు 12న శాంటో డొమింగోకు బయలుదేరిన 587వ నంబరు విమానము క్వీన్సులోని ఇండ్ల మీద కూలి 265 మంది మరణించిరి. జంట సౌధములు కూలి రెండు నెలలే యగుటచే లోకము ఆ శోకమును వేగముగా మరచెను. వాషింగ్టను హైట్సు మరువలేదు.

ఇక అరబ్బులు. ఆ పేరు క్రింద 20కి పైగా దేశములు, పలు మతములు, శతాబ్దమునకు మించిన వలసలు ఇమిడియున్నవి. 1880ల నుండి ఒట్టోమాను సిరియా, లెబనాను కొండలనుండి, అధికముగా క్రైస్తవులు, దిగువ మన్‌హాటనులోని వాషింగ్టను వీధికి వచ్చి చేరిరి. లేసులు, పట్టువస్త్రములు, జపమాలలు మూటగట్టి, స్త్రీలును పురుషులును ఊరూర తిరిగి అమ్మిరి. మూట అంగడియయ్యెను, అంగడి టోకు వ్యాపారమయ్యెను. 1892లోనే ఆ నగరమున అరబ్బీ పత్రిక వెలువడెను. 1920లో కవి ఖలీల్ జిబ్రాను మొదలైనవారు కలము సంఘమను అరబ్బీ రచయితల కూటమిని పునరుద్ధరించిరి. 1940లలో నదీగర్భమున సొరంగ మార్గము వేయుటకై ఆ వీధి ఇండ్లు చాలవరకు కూల్పబడగా, ఆ జనము బ్రూక్లినులోని అట్లాంటిక్ అవెన్యూకు తరలెను.

వీరికి దొరకినది, డొమినికన్లకు దొరకనిది, ఒక న్యాయస్థానపు తీర్పు. వలస వచ్చినవారిలో అమెరికా పౌరసత్వము శ్వేతజాతీయులకును ఆఫ్రికను సంతతికిని మాత్రమే పరిమితమైన ఆ కాలమున, జార్జి డౌ అను సిరియా దేశీయుడు కోర్టుకెక్కి, 1915లో తన జాతివారు శ్వేతజాతీయులేయను తీర్పు పొందెను. ఎనిమిదేండ్లకు, 1923లో, అమెరికా సైన్యమున కొలువుచేసిన పంజాబీ సిక్కు భగత్‌సింగ్ థిండ్‌కు అత్యున్నత న్యాయస్థానము ఆ హక్కును నిరాకరించెను. నేడు అమెరికాలో తెలుగువారు అనుభవించుచున్న వైభవము మన ప్రజ్ఞచేతనే వచ్చెనని భావించు పాఠకులు ఈ రెండు తీర్పులను కలిపి చదువవలెను. 1923లో మూసిన తలుపు 1946లో కొద్దిగాను, 1965లో విశాలముగాను తెరచుకొన్నపుడు, వైద్యులకు, ఇంజనీర్లకు అది అగ్రతాంబూలమిచ్చెను. మనవారు విమానమెక్కక పూర్వమే ఏరి తీయబడినవారు. శాంటో డొమింగోలోని కుట్టుపనివానిని, ఇబ్ కొండలలోని సేద్యగానిని అట్లు ఎవరును ఏరలేదు.

అందుచేతనే అరబ్బుల సగటు ఆదాయము మనలను మోసగించును. 2006-10 నడుమ అమెరికా జనగణనశాఖ సేకరించిన వివరముల ప్రకారము, దేశమంతటి గృహముల మధ్యగత వార్షికాదాయము సుమారు 52 వేల డాలర్లు కాగా, అరబ్బు గృహములది 56 వేలు. అరబ్బులు మిన్నయని తోచును. లోతుకు దిగి చూచిన, లెబనాను గృహములది 67 వేలకు పైబడినది, యెమెను గృహములది 35 వేల లోపు. శతాబ్దము క్రింద మూట మోసిన వారి మునిమనుమలును, నిన్న మొన్న దిగిన వారును ఒకే వరుసన కూర్చుండినచో సగటు ఏమి చెప్పగలదు? యెమెనీ కుటుంబమును పోల్చదగినది లెబనానీయునితో కాదు, డొమినికనుతో. డెట్రాయిటు చెంత ఫోర్డు ఫ్యాక్టరీలోను, కాలిఫోర్నియా ద్రాక్షతోటలలోను ఆ జాతి మొదట కూలికి కుదిరెను. 1973 ద్రాక్షతోటల సమ్మెలో పోలీసు అధికారి దెబ్బకు ప్రాణము విడిచిన నాజీ దైఫల్లా యెమెను కూలియే.

ఇరువురును బ్యాంకును నమ్ముకొని కొట్టు పెట్టలేదు. డొమినికన్లలో సాన్ అను పద్ధతి కలదు: పది పండ్రెండుగురు కూడి వారము వారము ఒక్కొక్క మొత్తము వేయుదురు, కూడిన సొమ్ము వంతువంతున ఒక్కొక్కరికి పోవును, నిర్వహించునది సామాన్యముగా పేటలో నమ్మకముగల ఒక ఇల్లాలు. అరబ్బులలో దానినే జమయ్యా అందురు. మన చీటీలవంటివే యనవచ్చును, పాట మాత్రము లేదు. వడ్డీ నిషిద్ధమైన ఇస్లాములో వంతు తప్ప మరి లాభము ఉండరాదు. ఆ సొమ్ముతోనే గల్లాపెట్టె కొనబడెను. యెమెనీలలో అన్నదమ్ములు వంతులు వేసికొని, ఒకరు రెండు మూడేండ్లు కొట్టు నడపి ఇంటికి పోగా, మరియొకడు వచ్చి నిలుచుటయు ఉండెను. 2015లో యుద్ధము ముదిరి సనాలోని అమెరికా రాయబార కార్యాలయము మూతపడగా ఈ ఏర్పాటు తెగిపోయెను. వీసా ఇంటర్వ్యూ కొరకు భార్యాబిడ్డలు సముద్రము దాటి జిబూతీకి పోయి, అద్దె గదులలో నెలల తరబడి వేచియుండవలసి వచ్చెను. ఆ అద్దెయు న్యూయార్కు కొట్టు గల్లానుండియే పోయెను.

అన్నిటికంటె నన్ను కలచినది, ఈ రెండు జాతులను ప్రభుత్వము వ్రాసికొన్న తీరు. 1977లో అమెరికా ప్రభుత్వము జాతుల గణనకు ఒక నిర్దేశమును జారీచేసెను. ఆ ఒక్క పత్రమే స్పానిషు మూలముగల వారికి ప్రత్యేకమైన పద్దు తెరచెను. ఆ ఒక్క పత్రమే మధ్యప్రాచ్యము, ఉత్తరాఫ్రికాలవారిని శ్వేతజాతీయులలో కలిపెను. ఫలితములు వేర్వేరుగా నడచెను. డొమినికన్లు లెక్కలో కనబడిరి. వారి దారిద్ర్యమును చూపు అంకెలు దొరకెను. న్యూయార్కు నగర మండలి 35 స్థానములనుండి 51కి పెరిగినపుడు వాషింగ్టను హైట్సుకు ఒక స్థానము గీయబడి, 1991లో గియెర్మో లినారెస్ ఎన్నికయ్యెను. నగర విశ్వవిద్యాలయమున డొమినికను అధ్యయన కేంద్రము 1992లో వెలసెను. ఒకప్పుడు సరియైన పత్రములు లేక వాషింగ్టను హైట్సులో మసలిన బాలుడు, అద్రియానో ఎస్పాయా, 2016లో అమెరికా కాంగ్రెసుకు ఎన్నికయ్యెను. ఇదంతయు సుఖముగా జరుగలేదు. నల్లని మేనిచాయగల డొమినికను యువకునకు పోలీసుతో ఎదురగు అనుభవము వేరు, 1992 జూలైలో పోలీసు కాల్పులలో ఒక యువకుడు చనిపోగా పేట అంతయు మండెను.

అరబ్బులకో, జనాభా పట్టికలో చోటు లేకపోయెను, పోలీసు పట్టికలో నుండెను. 2002 నుండి అరబ్బు, ముస్లిము దేశముల పురుషులు ప్రభుత్వ కార్యాలయములకు పోయి వ్రేలిముద్రలిచ్చి నమోదు కావలెనను నియమము వచ్చెను. 80 వేలకు పైగా మనుష్యులు స్వయముగా పోయి పేరు వ్రాయించుకొనిరి. 13 వేల మందికి పైగా దేశబహిష్కార విచారణకు గురియైరి. ఒక్కనిపైనను ఉగ్రవాద నేరము రుజువు కాలేదు. న్యూయార్కు పోలీసుశాఖ మసీదులను, టీ కొట్లను రహస్యముగా గమనించుచుండెనని 2011లో పత్రికలు వెలిబుచ్చెను. ఒకే జాతిని బడికి, వైద్యమునకు, రుణసహాయమునకు లెక్కింప నిరాకరించి, అనుమానించుటకు మాత్రము ఇంటింటను గుర్తించుట ఏ ధర్మమునకు చెల్లును?

ఈ పోలికను తలక్రిందులు చేసి చూపు దేశమొకటి కలదు; అది డొమినికను గణతంత్రమే. పందొమ్మిదవ శతాబ్దపు చివర లెబనాను, పాలస్తీనా ప్రాంతములనుండి బయలుదేరినవారు కొందరు న్యూయార్కునకు పోక, సాన్ పెద్రో దె మకోరీస్ అను చెరకు పట్టణమున దిగి గుడ్డల మూటలమ్మిరి. ఒట్టోమాను పాస్‌పోర్టు చేతనుండుటచే తురకలని పిలువబడి కొంత హేళనకు గురియైరి. రెండు తరములలో వ్యాపారమునను, రాజకీయములలోను వారు పైకి వచ్చిరి. లెబనాను సంతతివాడైన హకోబో మహ్లూతా 1982లో కొలదిదినములు అధ్యక్షుడయ్యెను. 2020 నుండి అధ్యక్షుడైయున్న లూయిస్ అబినదేర్ తాతయు లెబనాను వాడే. దంచిన గోధుమరవ్వ లోపల మాంసము కూరి వేయించు కిబ్బె ఆ దేశమున కీపె అను పేర వీధి బండ్ల మీద కెక్కి, వలసవచ్చిన వంటయని ఎవరికిని గుర్తు లేనంతగా ఇమిడిపోయెను. ఒక చోట అరబ్బు ధనికుడు, డొమినికను కూలి. మరియొక చోట ఇరువురును ఒకే ఇరుకు కొట్టులో ఒకరి తరువాత ఒకరు. జాతిస్వభావము అను మాటకు ఇచ్చట పొసగు చోటు నాకు కనబడదు.

న్యూజెర్సీలోని పేటర్సను పట్టణమును చూచినను ఇదియే తోచును. ఒకప్పటి పట్టు మిల్లుల ఊరు. 2020లో జనాభా 1,60,000కి కొంచెము తక్కువ. సగమునకు మించి స్పానిషు మాటలాడు దేశములవారే, వారిలో డొమినికన్లు ప్రబలులు. మెయిన్ స్ట్రీటు దక్షిణ భాగము పాలస్తీనా, సిరియా అంగళ్లతో నిండియుండును. ఆ వీధిలో ఒక భాగమునకు 2022లో పాలస్తీనా పేరు పెట్టిరి. సిరియా, లెబనాను సంతతికి చెందిన ఆండ్రే సాయెగ్ 2018 నుండి నగరాధ్యక్షుడు. అతనికి ఓటు వేసినవారిలో డొమినికన్లును కలరు. పక్కపక్క వీధుల ఈ జీవనమున వైరము కంటె వ్యవహారమే యెక్కువ.

2020 జనగణనలో తమ మూలమును స్వయముగా వ్రాసి చెప్పుటకు వీలు కల్పించినపుడు 35 లక్షల మంది మధ్యప్రాచ్య, ఉత్తరాఫ్రికా సంతతి వారమని తెలిపిరి. 2024 మార్చిలో ప్రభుత్వము 1977 నిర్దేశమును సవరించి వారికి ప్రత్యేకమైన పద్దును అంగీకరించి, ఐదేండ్లలో అన్ని శాఖలును దానిని అమలుపరుపవలెనని గడువు పెట్టెను. పద్దు తెరచిన మాత్రమున చాలదు. దానిలో లెబనానీయుని ఆదాయమును యెమెనీ ఆదాయమును విడివిడిగా అచ్చువేయవలెను. అప్పుడు గాని బ్రూక్లిను బడిలో అరబ్బీ తెలిసిన ఉపాధ్యాయులు ఎందరు కావలెనో, అద్దె పెరిగి మూతపడు కొట్టుకు ఏ రుణము అందవలెనో అడుగుటకు ఆ కుటుంబముల చేతిలో అంకె యుండదు. డొమినికన్లు 1990లలో తమ దారిద్ర్యపు అంకెలు పట్టుకొనియే బడులను, కళాశాలలను, ప్రాతినిధ్యమును అడిగిరి. 2025 జూనులో యెమెను తిరిగి ప్రయాణ నిషేధపు జాబితా కెక్కినది; ఈ మారును భార్యాబిడ్డలు ఆవలి ఒడ్డుననే యున్నారు, కొట్లు తెరచియే యున్నవి.