క్రిస్మస్ పెట్టుపోతలు – రక్తపు పోటు

క్రిస్మస్ ఇంకా ఐదు రోజులుందనగా ఒక గృహిణి తలనొప్పి, గుండెదడ అంటూ మా ఆసుపత్రికి వచ్చింది. రక్తపు పోటు 170/100. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూసినా తగ్గలేదు. అడగ్గా అడగ్గా అసలు సంగతి చెప్పింది. రెండు వారాలుగా పోటు మాత్రలు కొనడం లేదట! ‘‘ఉన్న డబ్బంతా ఆడపడుచుల చీరలకే అంటున్నారండీ. మాత్రల డబ్బయినా మిగిలితే పిల్లలకు బట్టలొస్తాయి కదా!’’ అంది.

భర్తను లోపలికి పిలిచాను. ‘‘మా నాన్న పోయాక వాళ్లకు పుట్టిల్లంటే నేనే కదండీ’’ అన్నాడు. ఇద్దరి మాటా న్యాయమే. మధ్యలో దెబ్బతిన్నది ఆమె ఆరోగ్యం.

కోపం వచ్చినప్పుడు అడ్రినలిన్ అనే హార్మోను రక్తంలో చేరి గుండె వేగాన్నీ, పోటునూ పెంచుతుంది. కోపం చల్లారితే ఆ పెరుగుదల తగ్గుతుంది. మాత్రలు మానినందువల్ల పెరిగిన పోటు మాత్రం దానంతటది దిగదు. పక్షవాతానికి దారితీయవచ్చు.

కనుక డిసెంబరు మొదట్లోనే ఇద్దరూ కూర్చుని ముందు మందులకు, తరువాత పిల్లలకు, ఆపైన బంధువులకు, పేదలకు ఎంతెంతో కాగితం మీద రాసుకోండి. చాలకపోతే ఆ సంగతి ఆడపడుచులకే చెప్పండి. పోటు మాత్రలు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తారు, అడగడానికి మొగమాటపడకండి. మధుమేహం ఉన్నవారికి అరిసెలు, కేకు పెట్టి ‘ఈ ఒక్కపూటకేం’ అని బలవంతం చేయకండి.

జనవరిలో ఆమె మళ్లీ వచ్చింది. పోటు 140/90. ఆడపడుచులకు ఈసారి జాకెట్టు గుడ్డలే పెట్టారట. సంగతి తెలిసి పెద్దావిడే పిల్లలకు బట్టలు కుట్టించి తెచ్చిందట!