కత్తికి పదును లేదు... జాగ్రత్తకి ఉండాలి!

జానపద చిత్రాలు చూసి పెరిగినవాణ్ణి నేను. కత్తి కాంతారావు గారి సినిమా చూసి ఇంటికొచ్చిన ప్రతిసారీ మా పెరట్లో కొబ్బరిమట్ట ఒకటి కత్తిగా మారిపోయేది. దానికి పదునూ లేదు, మెరుపూ లేదు. అయినా మా వీధిలో దాని దెబ్బకి చావని మాంత్రికుడు లేడంటే నమ్మండి! అలాంటి నేను డెబ్భయ్యికి దగ్గరపడ్డాక, అమెరికాలోని డల్లాస్‌లో మేనల్లుడి ఇంట్లో కూర్చుని, వెలిగే కత్తికి టంకం పెడతానని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకునేవాణ్ణి.

కానీ పెట్టాను. అది నా మనవరాలి వరస పిల్ల కోసం. దానికి పదేళ్లు. ఆదివారం పూట పార్కులో పిల్లలకీ పెద్దలకీ ఈ కత్తియుద్ధం నేర్పుతారు. అక్కడ దాని మొదటి పందెం దగ్గరపడింది. ఆ పందేన్ని చెడగొట్టింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ ఈ తాతే! ఆ సంగతి చెప్పేముందు అసలీ కత్తి పుట్టుక తెలుసుకోవాలి.

ఫ్లాష్ పిడిలోంచి పుట్టింది!

జార్జ్ లూకాస్ 'స్టార్ వార్స్' 1977లో విడుదలైంది. ఇంగ్లండులో ఎల్‌స్ట్రీ స్టూడియోలో షూటింగు. కథానాయకుడి చేతికి కాంతి ఖడ్గం కావాలి, దగ్గర డబ్బు తక్కువ. సెట్ డెకరేటర్ రోజర్ క్రిస్టియన్ లండన్‌లో ఒక ఫొటో సామాన్ల కొట్లో పాత గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్ పిడి సంపాదించి, దానికి నల్లటి పట్టీలు అతికించారు. అంతే, ఖడ్గం పిడి తయార్! సెట్టులో కాంతికి బదులు, వెలుగుని వెనక్కి కొట్టే పదార్థం పూసిన కర్రని మోటారుతో తిప్పేవారు. గట్టిగా తగిలితే అది కాస్తా విరిగేది. తర్వాత ఒక్కొక్క ఫ్రేములో వెలుగుని విడివిడిగా దిద్దారు. ఆ 'హుమ్...' అనే శబ్దం ఉంది చూశారూ, అది సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ సృష్టి. పాత ప్రొజెక్టరు మోటారు రొదకి, టీవీ దగ్గర మైకు పెడితే వచ్చిన గురగురని కలిపారాయన.

1980లో వచ్చిన రెండో చిత్రంలో నల్లముసుగు ప్రతినాయకుడి కత్తియుద్ధం చేసింది బాబ్ ఆండర్సన్. ఆయన 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో బ్రిటన్ తరఫున కత్తి పట్టిన మనిషి. తెర మీద ఆట అంత రక్తి కట్టిందంటే కట్టదూ మరి! చివరికి 2019 నాటికి ఫ్రాన్సు కత్తిసాము సమాఖ్య ఈ వెలుగుల కత్తిని కూడా పోటీ ఆయుధంగా ఒప్పుకుంది. అక్కడి నియమాల్లో తలకో ఒంటికో తగిలితే 5 పాయింట్లు, చేతికో కాలికో తగిలితే 3, అరచేతికైతే 1. పదిహేనుకి ముందు చేరినవాళ్లదే గెలుపు. ప్రతి దెబ్బకీ ముందు కత్తి మొన వెనక్కి వెళ్లాలి. గబగబా పొడిస్తే సినిమాలా కనబడదు గదా, అందుకన్నమాట!

మెరిసేది వేరు, ఆగేది వేరు

ఇక నా ఘనకార్యాలు. అమెరికా వెళ్లగానే పిల్లకో కత్తి కొనిపెట్టాను. ఏ కొట్టో చెప్పను. గొట్టం పొడవునా వందకు పైగా చిన్న దీపాలు, పిడి నుంచి మొనదాకా వెలుగు పాకుతూ పోతుంటే పిల్ల కన్నా నేనే ఎక్కువ మురిసిపోయాను. మూడో రోజుకి సగం కత్తి చీకటి!

మేనల్లుడు నవ్వాడు. "మామయ్యా, ఇది షోకేసులోకి బాగుంటుంది. కొట్టుకోడానికి గొట్టం ఖాళీగా ఉండాలి. దీపం పిడిలో ఉండాలి" అన్నాడు. అదీ కిటుకు! పిడిలో ఒకే ఒక్క బలమైన ఎల్.ఇ.డి., దాని ముందు కటకం, గొట్టం లోపల వెలుగుని సమంగా పరిచే పల్చటి పొర. దెబ్బ తగిలేది ఒట్టి గొట్టానికి. విరిగినా గొట్టమే మార్చుకోవచ్చు.

ఆ గొట్టం పాలీకార్బొనేట్‌దే కావాలి. యాక్రిలిక్ చూడ్డానికి అలాగే ఉంటుంది గాని, దెబ్బకి పెంకులై ఎగురుతుంది. వెడల్పు ఒక అంగుళం. యుద్ధానికైతే గోడ మందం 3 మిల్లీమీటర్లు, ఊరికే తిప్పుకోడానికైతే 2 చాలు. పెద్దవాళ్లకి 32 నుంచి 36 అంగుళాల పొడవు. మా పిల్లకి 28కి కోశాం.

పిడి అల్యూమినియంది. 18650 రకం లిథియం బ్యాటరీ వేశాం. 18 మిల్లీమీటర్ల వెడల్పు, 65 పొడవు, అదే ఆ పేరులో అంకెల అర్థం. 3.7 వోల్టులు. పిల్ల ఎర్ర రంగు కావాలంది. నీలం దీపం కంటే ఎర్రదానికి తక్కువ వోల్టులు చాలు, తిన్నగా కలిపితే మాడిపోతుంది. అందుకని మధ్యలో రెసిస్టరు పెట్టాం. ఆ టంకం నాదేనండోయ్! వేడి పీల్చుకోడానికి దీపం వెనక లోహపు దిమ్మ. గొట్టం జారకుండా పిడికి పక్కన చిన్న మర. పందేనికి ముందు ప్రతిసారీ ఆ మర బిగించాలి. వదులైతే గొట్టం బాణమై ఎగురుతుంది, అతిగా బిగిస్తే గొట్టమే పగులుతుంది.

థిన్నరు పెట్టిన చిచ్చు

శనివారం రాత్రి. సాధన దెబ్బలకి గొట్టమంతా మరకలు. పాపం పిల్ల మొదటి పందెం, కత్తి తళతళలాడొద్దూ? గరాజులో పెయింట్లు కలిపే థిన్నరు కనబడింది. గుడ్డ తడిపి, అందరూ నిద్రపోయాక, అద్దంలా తుడిచిపెట్టాను.

తెల్లారి పార్కులో పిల్ల ముసుగు తగిలించుకుంది, చేతులకి తొడుగులు వేసుకుంది. బరిలోకి దిగబోతుంటే మేనల్లుడు కత్తి అందుకున్నాడు. మర చూశాడు, గొట్టం ఎండకి పెట్టి తిప్పాడు. మొహం మారిపోయింది. మర దగ్గర సాలెగూడులా సన్నటి పగుళ్లు!

"ఎవరు తుడిచారు దీన్ని?"

చెప్పాను. థిన్నరు, అసిటోన్ లాంటివి తగిలితే పాలీకార్బొనేట్ లోలోపల చిట్లిపోతుందట. అదే కత్తితో దిగి ఉంటే ఏ దెబ్బకి విరిగి ముక్క ఎవరి మీదికి పోయేదో! ఆ రోజు పిల్ల ఆడలేదు. ఏడవనూ లేదు. ఆ మౌనం భరించడం నావల్ల కాలేదు.

కొబ్బరిమట్టకి నా ప్రేమ సరిపోయింది. ఈ కత్తికి దాని స్వభావం కూడా తెలియాలని ఈ వయసులో నేర్చుకున్నాను. మెత్తటి గుడ్డ, నీళ్లు, మరకలు పోకపోతే కాస్త సబ్బు, అంతే! బ్యాటరీ 4.2 వోల్టులు దాటకూడదు, రాత్రంతా ఛార్జింగుకి వదలకూడదు, ఎండలో కార్లో మరిచిపోకూడదు. పందేనికి ముందు మర, గొట్టం, మొన చూడనిదే కత్తి ఎత్తకూడదు.

మరుసటి వారం కొత్త గొట్టంతో బరిలోకి దిగింది. 15-9తో ఓడిపోయింది. ఆ తొమ్మిదిలో ఒక దెబ్బ ఎదుటివాడి ముసుగు మీద 'ఠప్'మని పడింది చూశారూ, ఏ జానపదంలోనూ అంత చక్కటి దెబ్బ చూడలేదనిపించింది. గొట్టానికి చిన్న గీత కూడా పడలేదు.

చెమటలు కక్కుతూ వచ్చి కత్తి నా చేతిలో పెట్టింది.

"తుడువు తాతయ్యా... ఒట్టి నీళ్లతో!"