మాగాణి కాదు, మాగ్నెటో!

హైదరాబాదు చూడబోయిన మనవాళ్ళు చార్మినారు, సాలార్‌జంగ్ మ్యూజియం చూసుకొని, కాళ్ళలో ఇంకా సత్తువ మిగిలితే చౌమహల్లా పాలెస్ కూడా చూసి వస్తారు. అక్కడ పసుపుపచ్చని రోల్స్ రాయిస్ కారు ఒకటి ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ముచ్చటపడి ఆర్డరిచ్చిన బండి అది. తీరా అది ఇంగ్లండు నుంచి వచ్చేసరికి ఆయన లేరు. 1911లోనే కాలం చేశారు. వెనక సీటును సింహాసనంలా అమర్చిన ఆ కారును చూసి, ‘ఆహా, ఏం దర్జా!’ అనుకోనివారుండరు.

పాలెస్‌లో నిగనిగలాడే కారును చూసి ముచ్చటపడటం తేలికే. దాని వంశంలోదే మరొకటి మన ఊళ్ళో రేకుల షెడ్డులో పడివుండి, వెనక సీటులో కోళ్ళు గుడ్లు పెడుతూ ఉంటే, దాన్ని లేవనెత్తి నిలబెట్టటం ఎట్లాగో నాలుగేళ్ళుగా దగ్గరుండి చూస్తున్నాను. నా ఉద్యోగం కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకోవటం. స్పానరు ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలియదు. అయినా ఆ కారుకు కావలసిన భాగం ఒకటి తెలుగు చదువు వల్లనే దొరికిందంటే పాఠకులు నమ్మాలి మరి.

ఆ కారు మా పూర్వ విద్యార్థిది. గోదావరి జిల్లాలో వాళ్ళకు బియ్యపు మిల్లు ఉన్నది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయినాక, చిన్న చిన్న సంస్థానాల వారు బగ్గీలు, గుర్రాలు, కార్లు అయినకాడికి అమ్ముకున్నారు. అట్లా అమ్మినదాన్ని ఇతని ముత్తాతగారు కొన్నారు. ఒక తరం పాటు ఊళ్ళో పెళ్ళికొడుకులందరూ అందులోనే ఊరేగారట. తరవాత ఇంజను బిగుసుకుపోయింది. బండి షెడ్డు చేరింది.

ఇంతకూ అది 20/25 అనే మోడలు. రోల్స్ రాయిస్ వారు డెర్బీ కార్ఖానాలో 1929 మొదలు 1936 వరకు ఈ మోడలువి 3,827 తయారుచేశారు. ఆరు సిలిండర్లు, 3,669 సీసీల ఇంజను. ఆ రోజుల్లో కంపెనీవారు ఇంజను, ఛాసిస్, రేడియేటరు వరకే చేసి ఇచ్చేవారు. పైన బాడీని కొన్నవారు తమకు నచ్చిన కోచ్‌బిల్డరు దగ్గర కట్టించుకోవాలి. నగకు రాయి మనది, పనితనం కంసాలిది అయినట్లు, కారు పేరు ఒకరిది, రూపం మరొకరిది. అందుచేత ఒకే మోడలు కార్లు రెండు పక్కపక్కన నిలబెట్టినా ఒకదాని తలుపు మరొకదానికి పట్టదు. ఆ కోచ్‌బిల్డర్లా, ఇప్పుడు లేరు. నిజాం కారుకు బాడీ కట్టిన బార్కర్ కంపెనీ 1938లో హూపర్‌లో కలిసిపోయింది. ఆ హూపర్‌వారు 1959లో బాడీలు కట్టటం మానుకున్నారు. ఇక విరిగిన హ్యాండిలు ఎవరిని అడగాలి?

పాత కారు బాగుచెయ్యటంలో డబ్బు కంటె ఎక్కువ ఖర్చయ్యేది ఓపిక. ఒక్క బోల్టు సంగతి చూడండి. మనకు ఇప్పుడు బజారులో దొరికేవి మెట్రిక్ మరలు. వాటి పంటి కోణం 60 డిగ్రీలు. ఆ నాటి ఇంగ్లీషు మరలు విట్‌వర్త్ అనే ఆయన 1841లో పెట్టిన లెక్క ప్రకారం 55 డిగ్రీలవి. కంటికి రెండూ ఒకటే. బలవంతాన బిగిస్తే రెండు చుట్లు ఎక్కి, మూడో చుట్టుకు పాత నట్టు పళ్ళూడిపోతాయి. అట్లాగే ఇంజనులోని బేరింగులు. కొట్టుకు వెళ్ళి కొనుక్కువచ్చేవి కావు. తగరం ఎక్కువగా కలిసిన వైట్ మెటల్‌ను కరిగించి, పోసి, చల్లారాక ఇరుసుకు సరిపడేటట్టు సన్నసన్నగా గీకుకోవాలి. ఆ పని తెలిసిన చేతులు ఇప్పుడు జిల్లా మొత్తానికి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

అటువంటి చేతులు గలవాడు మా సాయిబు మేస్త్రీ. డెబ్బయి దాటిన మనిషి. మొదటి రోజున మావాడు ఉత్సాహంగా బ్యాటరీ తెచ్చి, ‘స్టార్టు చేసి చూద్దామా?’ అంటే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. “పదేళ్ళు మంచాన ఉన్నవాణ్ణి లేపి పరుగెత్తమంటామా బాబూ?” అన్నారు. ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో నూనె పోసి, రోజుల తరబడి నాననిచ్చారు. ఆ తరవాతనే చేత్తో ఇంజనును వెంట్రుకవాసి కదిల్చారు. విప్పిన ప్రతి ముక్కనూ డబ్బాల్లో వేసి చీటీ కట్టారు. విరిగిన ముక్కను సైతం పారెయ్యనివ్వలేదు. అదే లేకపోతే కొత్తది చెయ్యటానికి నమూనా ఏదీ?

మావాడు ఇంగ్లండుకు కూడా వ్రాశాడు. డెర్బీ వారు ప్రతి ఛాసిస్‌కూ ఒక కార్డు వ్రాసి ఉంచేవారు. ఆ రికార్డులు అక్కడ ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. నంబరు పంపి రుసుము చెల్లిస్తే నకలు వస్తుంది. ఎనభై తొంభై ఏళ్ళనాటి కారుకు కూడా జాతకం దొరుకుతుందన్నమాట! మన ఇళ్ళల్లో తాతగారి పుట్టిన తేదీ ఎంతమందికి తెలుసు?

ఇంతలో ఇంట్లో చిక్కు వచ్చిపడింది. ఒక పెద్ద నగరం నుంచి దళారి దిగాడు. కారు మొత్తంగా అతనికి అక్కరలేదు. ముందున్న పెద్ద లూకాస్ దీపాలకు ఒక ధర, రేడియేటరుకు ఒక ధర, దాని మీద రెక్కలు చాచిన బొమ్మకు ఒక ధర చెప్పాడు. విడివిడిగా అమ్మితే గిరాకీ ఎక్కువట. ఆడపిల్ల పెళ్ళి దగ్గర పడుతున్నది. మావాడి నాన్నగారు మెత్తబడ్డారు. “నువ్వు ఎంత తగలేసినా అది అసలు కారు కాదురా. ఇంజను పక్కన ఏదో సామానే లేదని మేస్త్రీగారే అన్నారుగా!” అని కొడుకును నిలదీశారు.

లేని ఆ సామాను పేరు మాగ్నెటో. ఈ మోడలులో మంట పుట్టించే ఏర్పాట్లు రెండు. మామూలుగా బ్యాటరీ, కాయిల్ మీద నడుస్తుంది. దారిలో అది మొరాయిస్తే ఇంటికి చేరటానికి తోడుగా మాగ్నెటో ఒకటి అమర్చారు. దానికి బ్యాటరీతో పనిలేదు. లోపలి అయస్కాంతమూ రాగితీగ చుట్టా కలిసి తమంతట తామే కరెంటు పుట్టించుకుంటాయి. ఈ కారులో దాని స్థానం ఖాళీగా ఉన్నది. ఎప్పటినుంచో ఎవరికీ తెలియదు.

“ఇది లేకపోయినా బండి నడుస్తాదండి మాష్టారూ. ఒక కిడ్నీ తీసేసినోడూ నడుస్తాడు కదండీ!” అన్నారు మేస్త్రీగారు. విదేశంలో మరొక కారుది కొనవచ్చు. కాని ఆ ధర వింటే పెళ్ళి ఖర్చే నయమనిపించింది.

నా అవసరం పడింది అప్పుడే. కారుతోపాటు సంస్థానంవారి లెక్కల పుస్తకం ఒకటి ఆ ఇంటికి చేరిందనీ, దాన్ని పెద్దలు బీరువాలో దాచి ఎవరికీ చూపలేదనీ మావాడు బయటపెట్టాడు. కారణం విచిత్రం. అందులో ‘మాగాణి ఒకటి’ గుమాస్తా అత్తవారింటికి పంపినట్లు ఉన్నదట. ముత్తాతగారు అదే సంస్థానం నుంచి కాస్త పొలం కూడా కొని ఉన్నారు. ఆ మాగాణి ఈ పొలంలోదేనేమో, ఎవరైనా దావా వేస్తారేమో అని రెండు తరాలు భయపడ్డాయి!

పుస్తకం చూశాను. గొలుసుకట్టు వ్రాత. ఈ కాలపు పిల్లలకు ఆ మాటే కొత్త. కలం ఎత్తకుండా, మాటకూ మాటకూ ఎడం లేకుండా, వత్తులు చాలావరకు వదిలేసి, కరణాలూ గుమాస్తాలూ గొలుసులాగా వ్రాసుకుపోయేవారు. ఎం.ఏ. రోజుల్లో పాత దస్తావేజులు చదివే అలవాటు చేసుకున్నాను గనక పేజీ కాస్త కాస్తగా విడిపోయింది. తేదీ చిత్రభాను సంవత్సరం చైత్ర బహుళం. అంటే 1942 ఏప్రిల్. ఆ నెల 6వ తేదీన జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. కోస్తా జనం పిల్లాజెల్లాతో లోపలి ఊళ్ళకు తరలిపోయిన రోజులవి. పెట్రోలు అంతకు ముందు ఏడాదే రేషనయింది. దివాణంవారు కారును దిమ్మెల మీదికి ఎక్కించి, విలువైన సామాను విప్పి, భద్రం కోసం పంపేశారు. ఆ జాబితా అది.

జాబితాలో వరసగా బేటరీ, టైర్లు, బల్బులు ఉన్నాయి. వాటి మధ్య మాగాణి ఎందుకుంటుంది? మాగాణికి ఎకరాలో కుంచాలో కొలత ఉండాలి. ఇక్కడ ఉన్నది ‘పెట్టె 1’ అని. అక్షరాలను మళ్ళీ కూడబలుక్కుంటే ‘మాగనీటు’ అని తేలింది. వత్తు పెట్టి చదివితే మాగ్నీటు. గుమాస్తాగారు విన్నది విన్నట్లు వ్రాశారు పాపం! సి.పి. బ్రౌన్ దొర నూట తొంభై ఏళ్ళనాడు తాళపత్ర ప్రతులు పోగుచేసి, పండితుల చేత ఒకదానితో ఒకటి సరిపోల్చి చదివించి పాఠం తేల్చేవాడు. ముందు వెనకల సందర్భం చూసి మాటను నిలబెట్టటమే అందులో కీలకం. ఆ పని కారుకూ అక్కరకు వస్తుందని మా ప్రొఫెసర్లు చెప్పలేదు.

గుమాస్తా అత్తవారి ఊరు పుస్తకంలోనే ఉన్నది. వెతుక్కుంటూ వెళ్ళాము. ఆ వంశంలో ఒక బామ్మగారు, మనమలు ఉన్నారు. అటకంతా దింపించారు. ఇత్తడి గుండిగలు, విరిగిన ఉయ్యాల బల్ల, చెదలు తిన్న పెట్టె చెక్కలు తప్ప ఏమీ లేదు. నిరాశతో కాఫీ తాగుతుండగా మేస్త్రీగారు లేచి పెరటి గుమ్మం దగ్గర చతికిలబడ్డారు. గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టిన ఇనప ముద్ద ఒకటి అక్కడ ఉన్నది. దాని మీద కొన్నేళ్ళ సున్నం, పసుపు పేరుకుపోయాయి. ఆయన జేబులోని స్క్రూడ్రైవరు దగ్గర పెడితే టక్కున అంటుకున్నది.

మావాడు డబ్బు ఇవ్వబోతే బామ్మగారు వద్దన్నారు. “అది సరే నాయనా, మరి తలుపుకేం పెట్టుకోను?” అన్నారు. వారం తిరక్కుండా మావాడు మంచి సన్నికల్లు పొత్రం ఒకటి తీసుకువెళ్ళి ఇచ్చి వచ్చాడు.

దొరికింది కదా అని వెంటనే బిగిస్తే పనిచెయ్యదు. లోపలి తీగచుట్టకు పూసిన లక్క మన తేమకూ వేడికీ చెడిపోతుంది. అయస్కాంతం బలం తగ్గుతుంది. మోటార్లకు వైండింగు చేసే కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని మేస్త్రీగారు కొత్త తీగ చుట్టించారు. అయస్కాంతానికి మళ్ళీ శక్తి ఎక్కించారు. ఖాళీ స్థానంలో పెట్టి చూస్తే బోల్టు రంధ్రాలన్నీ కలిశాయి. ఆ సాయంకాలం మావాడి నాన్నగారు షెడ్డులోకి వచ్చి, చాలాసేపు చూసి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. మర్నాడు దళారికి ఫోన్ చేసి రావద్దని చెప్పారట. పెళ్ళి ఖర్చుకు మిల్లు మీద అప్పు తెచ్చారు. ఆ అప్పు ఇంకా తీరలేదు. అది తప్పో ఒప్పో నేను తీర్పు చెప్పను. ఆ కుటుంబంలో ఇప్పటికీ రెండు పక్షాలున్నాయి.

మాఘమాసంలో ఇంజను నడిచింది. బాడీ పని సగంలో ఉన్నది. చెదపట్టిన చట్రపు కర్రలను నమూనాలుగా పెట్టుకొని వడ్రంగి కొత్తవి చెక్కుతున్నాడు. రంగు సంగతి ఇంకా తేలలేదు. పాత రంగు మిగిలిన చోట అట్లాగే ఉంచాలంటారు మేస్త్రీగారు. తళతళ మెరవాలంటాడు మావాడు. 2021లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన నిబంధనల ప్రకారం, యాభయ్యేళ్ళు దాటి, అసలు రూపం మారకుండా ఉన్న బండిని వింటేజి వాహనంగా రిజిస్టరు చేయించవచ్చు. ఇరవై వేల రూపాయలు రుసుము, పదేళ్ళ గడువు, నంబరులో ‘వి.ఏ.’ అనే అక్షరాలు. బాడుగకు తిప్పరాదు. ఊళ్ళో పెళ్ళికొడుకులు ఆశ పెట్టుకోవద్దని మనవి.

నన్ను తొలిచే దిగులు వేరే ఉన్నది. తీగ చుట్టిన కుర్రవాడు మొన్న మేస్త్రీగారి దగ్గర వైట్ మెటల్ పొయ్యటం మొదలుపెట్టాడు. మొదటి రెండుసార్లు పగిలిపోయింది. మేస్త్రీగారి చూపు తగ్గుతున్నది. వాడు నేర్చేలోపల ఆయన చెయ్యి ఆగిపోతే, కారు ఉంటుంది గాని దాన్ని నడిపించే విద్య ఉండదు. గొలుసుకట్టు సంగతీ అంతే. మా కాలేజీలో ఇప్పుడు ఇద్దరు పిల్లలకు నేర్పుతున్నాను.

పాఠకుల ఇళ్ళల్లో రోల్స్ రాయిస్‌లు ఉంటాయని కాదు. పాత కుట్టుమిషనో, గ్రామఫోనో, తాతగారి మోటారుసైకిలో ఉండవచ్చు. పాత ఇనపవాడిని పిలిచే ముందు దాని నంబరు ఎక్కడున్నదో చూసి వ్రాసుకోండి. దానితోపాటు ఉన్న కాగితాలను చదవరాలేదని పారెయ్యకండి. పెరటి తలుపుకు అడ్డం పెట్టిన ఇనప ముద్ద ఉంటే, ఒకసారి తిరగేసి చూడండి.