పైకి కానరాని నరముల వ్యాధి

మన విద్యార్థులు శరీరశాస్త్రమున నరములను గూర్చి చదివియే యుందురు. మెదడునందును వెన్నుపామునందును గల సన్నని తంతువులను మయలిన్ అను క్రొవ్వుపొర కప్పియుండును. బావిమోటారు తీగమీది రబ్బరు తొడుగు చెడినచో విద్యుత్తు సరిగా పారనట్లే, ఈ పొర చెడిన తావున వార్త మందగించును, లేదా నిలిచిపోవును. శరీరమును కాపాడవలసిన రక్షకశక్తియే దారితప్పి యీ పొరపై బడి అచ్చటచ్చట మచ్చలు కలుగజేయు వ్యాధికి మల్టిపుల్ స్క్లెరోసిస్ అని పేరు. పారిసు వైద్యుడు షార్కో 1868లో దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించెను. మన దేశమున నిది ఐరోపాలో కంటె తక్కువయే. ఐనను తరచుగా ఇరువది నలువది యేండ్ల నడుమ, పురుషులకంటె స్త్రీలకు రెండు మూడింతలు హెచ్చుగా వచ్చును. మన పూర్వవిద్యార్థినుల వయస్సును, మన పిల్లల తల్లుల వయస్సును ఇదియే గదా! కావున దీని తొలిచిహ్నములను గూర్చి వ్రాయ దలచితిమి.

ఈ వ్యాధి తొలుత చిన్న మాటగా వచ్చి పోవును. ఆంగ్లరాజు మూడవ జార్జి మనుమడగు ఆగస్టస్ డెస్టే యనువాడు 1822లో నొక బంధువు అంత్యక్రియల పిమ్మట చూపు మందగించి, తన యుత్తరములను ఇతరులచే చదివించుకొనవలసి వచ్చెను. కొన్నాళ్లకు చూపు వచ్చెను. తరువాత మరల మరల దాడులు కలుగగా, 1848లో మరణించువరకు నడచిన బాధను దినచర్యలో వ్రాసి యుంచెను. ఒక కంట చూపు మసకబారి, కన్ను కదల్చినపుడు నొప్పి కలుగుట, ఒక వస్తువు రెండుగా కనబడుట, కాలో చేయియో తిమ్మిరెక్కి దినముల తరబడి వదలకుండుట, నడకలో తూలుట. ఇవి తగ్గిపోవును గనుకనే చిక్కు. తగ్గినదాని కొరకు డాక్టరు నొద్దకు పోవువారెవరు? దిష్టి యనియో నీరసమనియో సరిపెట్టుకొందురు.

రోగిని హెచ్చుగా కృంగదీయునది అలసట. అది పని చేసిన వాని అలసట వంటిది కాదు. నిద్ర లేచిన గంటకే ఒడలు బరువెక్కును. పైకి ఏ లోపమును కానరాదు గనుక ఇంటివారు సోమరియనియు, పై యధికారులు పని దొంగయనియు తలతురు. మా యెరుకలో ఈ మాటయే వ్యాధికంటె ఎక్కువ నొప్పించును.

ఇక మన ప్రాంతపు ఎండ సంగతి. 1890లో ఊట్‌హాఫ్ అను జర్మను నేత్రవైద్యుడు, శ్రమ చేసినపుడు కొందరు రోగుల చూపు తగ్గి, విశ్రమించిన పిమ్మట మరల వచ్చుటను గమనించెను. ఒడలు వేడెక్కుటయే కారణమని తరువాత తెలిసినది. ఎఱ్ఱగుంట్ల బండల ఫ్యాక్టరీలలోను, నాపరాతి గనులలోను మే నెలలో పనిచేయువానికి ఇది యెంత మాటయో చెప్పనక్కరలేదు. ఐతే ఈ వేడివలన కొత్త మచ్చ పడదు. చల్లబడిన పిమ్మట పూర్వస్థితి కలుగును. ఇది తెలిసినవానికి సగము భయము తీరును. చన్నీటి స్నానము, తడిగుడ్డ, ఉదయముననే పని ముగించుకొనుట ఉపకరించును.

తొలిదాడి వచ్చిన ప్రతివారికిని వ్యాధి స్థిరపడునని లేదు. అమెరికాలో కంటినరము వాచినవారిని 15 ఏండ్లు కనిపెట్టి చూడగా, మెదడు స్కానులో మచ్చలు లేనివారిలో నూటికి 25 మందికిని, ఉన్నవారిలో 72 మందికిని ఈ వ్యాధి తేలినది. ఈ యనిశ్చయమే యువతీయువకులకు పెద్ద భారము. పెండ్లి మాట వచ్చినపుడు చెప్పవలెనా, దాచవలెనా? దాచిన ఇండ్లలో మందులును దాచవలసి వచ్చును. అంతట మానివేయుటయు జరుగును. అది మిక్కిలి హాని. ఇట్లే చూపును చెరచు మరియొక వ్యాధి, న్యూరోమయలైటిస్ ఆప్టికా, కలదు. దాని మందులు వేరు గనుక నరముల వైద్యుని పరీక్ష తప్పనిసరి. స్టెరాయిడు చూపును త్వరగా తెచ్చును గాని ముందు రాబోవు దాడులను ఆపజాలదు. దాడులను తగ్గించు మందు మొదట 1993లో అమెరికాలో అనుమతి పొందెను. ఇప్పుడు పలు రకములు కలవు. వానిని ఆలస్యము చేయక మొదలుపెట్టుట మేలు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున ఈ వ్యాధి పేరు చేరినది. కాని ఉద్యోగములలో ప్రత్యేకస్థానములు నూటికి 40 పాళ్ల వైకల్యము గలవారికే. తొలిదశలోని వారు తరచుగా ఆ కొలతకు అందరు. వారికి కావలసినది పింఛనుకంటె ముందు కొంచెము వెసులుబాటు: నీడపట్టున పని, నడుమ విశ్రాంతి, తిరుపతికో వెల్లూరికో పోవుటకు జీతము కోయని సెలవు. బడిలోనైనచో గాలివచ్చు కిటికీ దగ్గర చోటు, వ్రాయుటకు మరికొంత సమయము, ఎండవేళ డ్రిల్లునుండి మినహాయింపు. భారత మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ 1985లో బొంబాయిలో ఏర్పడినది. సాటి రోగులతో మాటలాడ గోరువారు దానికి వ్రాయవచ్చును.