పాదం కింద స్ప్రింగు

శ్రీకాళహస్తిలో కన్నప్ప కొండ మెట్లు దిగేటప్పుడు ఒక సంగతి గమనించండి. మోకాళ్ళు కాస్త వంచి దిగితే హాయిగా ఉంటుంది. కాళ్ళు కర్రల్లా బిగించి దిగితే ప్రతి అడుగూ నడుము దాకా అదురుతుంది. ఎందుకని?

క్రికెట్ బంతిని పట్టేటప్పుడు చేతులు వెనక్కి లాక్కుంటారు కదా! బంతి ఆగడానికి పట్టే కాలం రెట్టింపయితే, చేతికి తగిలే సగటు బలం సగమవుతుంది. నేలను తాకే పాదానికీ ఇదే సూత్రం.

మన పాదంలోనే స్ప్రింగులున్నాయి. మడమ కింద కొవ్వు మెత్త ఉంది. 26 ఎముకల పాదం నడుమ విల్లులా వంగి ఉంటుంది. పరుగెత్తేటప్పుడు ఆ విల్లు అణగి, మళ్ళీ లేస్తుంది. స్ప్రింగు బూట్లు, మెత్తని చెప్పులు ఈ పనికి తోడవుతాయి.

మెత్తదనంతో మరో లాభం కూడా ఉంది. బరువు ఒకేచోట పడకుండా పాదమంతా పరుచుకుంటుంది. చిత్తూరుకు పొరుగునున్న వేలూరుకు 1946లో వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, కుష్ఠువల్ల స్పర్శ పోయిన పాదాలకు పుండ్లు పడకుండా, సన్నని గాలి గదులున్న రబ్బరుతో చెప్పులు చేయించారు. ఈ రబ్బరు చెప్పులనే నేడు మధుమేహం ఉన్నవారూ తొడుగుతున్నారు. వాటినే ఎం.సి.ఆర్. చెప్పులంటారు.

అయితే చెప్పులు మందు కాదు. మరీ మెత్తనివైతే కాలు నిలకడ తప్పుతుంది. పాదంలోనో నడుములోనో నొప్పి తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. మీ ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దలుంటే రోజూ వారి అరికాళ్ళు చూడండి. స్పర్శ తగ్గిన పాదానికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు!