చూచి నేర్చిన విద్య

ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువనున్న అడిక్‌మెట్ సందులలో సాయంకాలము పిల్లలు బడి ఆట ఆడుచుందురు. ఒకడు ఉపాధ్యాయుడగును. చేత వేపపుల్ల పట్టి, కనుబొమలు ముడిచి, తన గురువు కంఠస్వరముతోనే గద్దించును. నిజమైన గురువుకంటె ఇతడే కఠినుడు! ఈ విద్య వానికెవరు నేర్పిరి? ఎవరును నేర్పలేదు. వాడు చూచినాడు, అంతియే.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆల్బర్ట్ బాండ్యురా అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు 72 మంది పసిపిల్లలతో జరిపిన పరీక్షను 1961లో ప్రకటించెను. పెద్దలొకరు గాలిబొమ్మను కొయ్యసుత్తితో మోదుట కొందరికి చూపిరి. పిమ్మట ఆ పిల్లలలో పలువురు అట్లే మోదిరి. పెద్దలన్న మాటలనే పలికిరి. నెమ్మదిగా ఆడుకొన్న పెద్దలను చూచినవారిలో ఈ దుడుకుతనము మిక్కిలి తక్కువ.

1965లో మరియొక విశేషము బయటపడెను. బొమ్మను కొట్టినవాడు దండింపబడుట చలనచిత్రమున చూచిన పిల్లలు తాము అంతగా కొట్టలేదు. కాని, చూచినది చేసి చూపినచో బహుమానమిత్తుమనగానే వారును తక్కినవారివలెనే చేసి చూపిరి. దండనభయము చేతిని ఆపినదే గాని, కన్నులు నేర్చినదానిని తుడిచివేయలేదు.

అడిక్‌మెట్ సందులో పుల్ల పట్టిన బాలుని యెదుట, ఇంకను బడికి పోని చెల్లెలు కూర్చుండి, వానినే రెప్పవేయక చూచుచుండును.